ఒక గొంతు, ఒక గిటారు: ట్రేసీ చాప్‌మన్ తొలి ఆల్బమ్ ప్రజాదరణ - పరిశీలన

వ్యాససంగ్రహం

1988 ఏప్రిల్‌లో అమెరికాలో వెలువడిన ‘ట్రేసీ చాప్‌మన్’ ఆల్బమ్‌లో పదకొండు పాటలున్నాయి. వాటిని రాసి, బాణీ కట్టి, పాడినది ఇరవై నాలుగేళ్ల ఆఫ్రికన్ అమెరికన్ యువతి. యంత్రధ్వనులు రాజ్యమేలుతున్న కాలంలో గొంతు, గిటారు ప్రధానంగా వచ్చిన ఈ ఆల్బమ్ అదే ఏడాది అమెరికా, బ్రిటన్ దేశాలలో అగ్రస్థానానికి చేరింది. లండన్ వేదికపై అనుకోకుండా దక్కిన ఒక అవకాశమే ఈ విజయానికి కారణమని సాధారణంగా చెబుతారు. ఆ అవకాశాన్ని అందుకోగల శక్తి పాటల నిర్మాణంలోనే ముందుగా ఉన్నదని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. వాగ్గేయకార భావన ఆధారంగా ఆ నిర్మాణాన్ని, ప్రజాదరణ క్రమాన్ని, పాటల తదనంతర జీవితాన్ని పరిశీలించడం ఈ వ్యాస లక్ష్యం.

కీలకపదాలు: వాగ్గేయకారిణి, మాతువు, ధాతువు, కథాగేయం, ఆఫ్రికన్ అమెరికన్ సంగీతం, ప్రజాదరణ, కర్తృత్వం.

1. ప్రవేశిక

ఒక పాట ప్రజలలోకి ఎలా వెళుతుందన్న ప్రశ్నకు సాహిత్య విమర్శ, సంగీత వ్యాపార చరిత్ర వేర్వేరు సమాధానాలు చెబుతాయి. మొదటిది పాటలోని వస్తువును, భాషను చూపిస్తుంది. రెండవది ప్రచారాన్ని, ప్రసార మాధ్యమాలను, అమ్మకాల లెక్కలను చూపిస్తుంది. ఈ రెండూ ఒకదానినొకటి పలకరించుకోవడం అరుదు. ఫలితంగా మంచి పాట దానంతటదే జనంలోకి వెళుతుందన్న నమ్మకం ఒకవైపు, ప్రచారం ఉంటే ఏ పాటైనా వెళుతుందన్న నిరాశ మరొకవైపు స్థిరపడిపోయాయి.

ట్రేసీ చాప్‌మన్ తొలి ఆల్బమ్ ఈ రెండు సమాధానాలనూ పరీక్షకు పెడుతుంది. ఆమె పాటలు పేదరికాన్ని, గృహహింసను, వర్ణవివక్షను వస్తువులుగా తీసుకున్నాయి. నృత్యానికి అనువైన లయలు, మెరుపు వస్త్రాలు, భారీ వేదికాలంకరణలు నడుస్తున్న కాలమది. అటువంటి మార్కెట్లో ఈ పాటలు నిలుస్తాయని ముందుగా ఊహించడానికి ఆధారాలు తక్కువ. అయినా అవి నిలిచాయి. ముప్పై అయిదేళ్ల తరువాత, మరొక జాతికి, మరొక సంగీత శాఖకు చెందిన గాయకుడి గొంతులో మళ్లీ దేశమంతా వినిపించాయి. ఈ రెండు సందర్భాలను కలిపి చూసినప్పుడే ఆ ప్రజాదరణ స్వభావం బోధపడుతుంది.

2. వాగ్గేయకార భావన: పరిధి

తానే రాసి, తానే స్వరపరచి, తానే పాడే కళాకారులను సూచించడానికి ఆంగ్లంలో రెండు పదాలను జోడించుకోవలసి వచ్చింది. భారతీయ సంగీతశాస్త్రంలో ఇందుకు దగ్గరగా ఉండే పదం ‘వాగ్గేయకారుడు’. పదమూడవ శతాబ్దిలో దేవగిరి యాదవుల ఆస్థానానికి చెందిన శార్ఙ్గదేవుడు ‘సంగీతరత్నాకరం’లో వాక్కును మాతువుగా, గేయాన్ని ధాతువుగా నిర్వచించి, ఆ రెండింటినీ కూర్చగలవాడు వాగ్గేయకారుడన్నాడు. ఇతరుల ధాతువుకు మాతువును మాత్రమే కూర్చేవాడిని కుట్టికారుడని వేరుచేశాడు. అంటే కర్తృత్వంలో అంతస్తులు ఉంటాయన్న స్పృహ ఆనాటికే ఉంది.

ఈ విభజనకు మన అనుభవంలో ఒక విషాదపార్శ్వం కూడా ఉంది. అన్నమాచార్య సంకీర్తనలు రాగిరేకులపై భద్రంగా నిలిచాయి. రేకులపై రాగాల పేర్లు ఉన్నాయి. ఆయన పాడిన బాణీలు మాత్రం అధికభాగం మనకు దక్కలేదు. ఈనాడు వింటున్న అనేక సంకీర్తనల వరుసలు ఇరవయ్యవ శతాబ్దిలో రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ మొదలైన విద్వాంసులు కూర్చినవి. రాగిరేకు మాతువును దాచగలిగింది, ధాతువును దాచలేకపోయింది. ధ్వనిముద్రణ యుగంలోని వాగ్గేయకారులకు ఆ నష్టం లేదు. వారి మాట, వరుస, గొంతు మూడూ ఒకే ఫలకంపై నిలుస్తాయి. అందువల్ల ఇటువంటి ఆల్బమ్‌ను సాహిత్యపాఠంగా మాత్రమే చదివితే దానిలో సగమే చదివినట్టవుతుంది.

3. నేపథ్యం: క్లీవ్‌లాండ్ నుంచి కేంబ్రిడ్జి వీధుల వరకు

ట్రేసీ చాప్‌మన్ 1964 మార్చి 30న ఒహాయో రాష్ట్రంలోని క్లీవ్‌లాండ్ నగరంలో జన్మించింది. తల్లిదండ్రులు విడిపోయిన తరువాత ఆమెను, ఆమె అక్కను తల్లే పెంచింది. ఉక్కు, వాహన పరిశ్రమలపై బతికిన ఆ నగరం ఆమె బాల్యంలోనే క్షీణించసాగింది. 1978 డిసెంబరులో నగరపాలక సంస్థ అప్పులు తీర్చలేక చేతులెత్తేసింది. పాఠశాలల్లో జాతివివక్షను తొలగించాలని న్యాయస్థానం ఆదేశించిన నేపథ్యంలో నల్లజాతి, తెల్లజాతి వర్గాల మధ్య ఉద్రిక్తత నెలకొన్నదీ ఆ దశాబ్దిలోనే. ఆమె పాటలలో కనిపించే నిరుద్యోగుల వరుసలు, రెండుగా చీలిన పట్టణం ఈ అనుభవానికి దూరమైనవి కావు.

మూడేళ్ల వయసులో తల్లి ఆమెకు ఉకులేలీ అనే చిన్న తంత్రీవాద్యాన్ని కొనిపెట్టింది. ఎనిమిదేళ్లకు గిటారు చేతికి వచ్చింది. ‘హీ హా’ అనే కంట్రీ సంగీత టెలివిజన్ కార్యక్రమం చూసి గిటారుపై ఆసక్తి కలిగిందని ఆమె తరువాతి కాలంలో చెప్పుకున్నది. కంట్రీ సంగీతం అమెరికాలో తెల్లజాతి గ్రామీణుల సంగీతంగా ముద్రపడిన శాఖ. ఈ చిన్న విషయం ప్రాధాన్యం వ్యాసం చివరిలో తెలుస్తుంది.

ప్రతిభ గల నల్లజాతి విద్యార్థులను మంచి పాఠశాలలకు పంపే ‘ఎ బెటర్ ఛాన్స్’ పథకం ద్వారా ఆమె కనెక్టికట్‌లోని వూస్టర్ పాఠశాలలో చదివింది. తరువాత మసాచుసెట్స్‌లోని టఫ్ట్స్ విశ్వవిద్యాలయంలో మానవశాస్త్రం అభ్యసించి 1987లో పట్టభద్రురాలైంది. చదువుకుంటూనే కేంబ్రిడ్జిలోని హార్వర్డ్ కూడలిలోను, భూగర్భ రైలుస్టేషన్లలోను పాడేది. వీధిగాయనికి ప్రత్యేకంగా కూర్చున్న శ్రోతలు ఉండరు. నడిచిపోయేవారిని ఆపగలిగేది గొంతు, కథ మాత్రమే. తొలి పంక్తిలోనే వినేవారిని పట్టుకునే ఆమె రచనాపద్ధతికి ఈ వీధులే శిక్షణశాలలయ్యాయని భావించవచ్చు.

దక్షిణాఫ్రికా వర్ణవివక్ష ప్రభుత్వంతో వ్యాపార సంబంధాలు తెంచుకోవాలని అమెరికన్ విశ్వవిద్యాలయాలలో విద్యార్థులు ఉద్యమిస్తున్న రోజులవి. టఫ్ట్స్‌లో ఆ నిరసనలకు గాయకుల కోసం వెదుకుతున్న బ్రయన్ కాపెల్‌మన్ అనే సహవిద్యార్థి ఆమె పాట విన్నాడు. అతని తండ్రి చార్ల్స్ కాపెల్‌మన్ సంగీత ప్రచురణ వ్యాపారంలో ప్రముఖుడు. తన పాటలపై హక్కును నమోదు చేసుకునే నిమిత్తం ఆమె అప్పటికే విశ్వవిద్యాలయ రేడియో కేంద్రంలో కొన్ని రికార్డింగులు చేసి ఉంచింది. వాటిలో ఒకటి బ్రయన్ ద్వారా తండ్రిని చేరింది. ఆ పరిచయం ఎలక్ట్రా సంస్థతో ఒప్పందానికి దారితీసింది. ఉద్యమసభకూ వ్యాపారసంస్థకూ మధ్య వంతెన ఇలా ఏర్పడింది. ప్రచారం మొదలుకాకముందే కర్తృత్వం గురించిన జాగ్రత్త ఆమెలో ఉన్నదన్నది గమనించదగిన అంశం.

4. ఆల్బమ్ నిర్మాణం

ఆల్బమ్ 1988 ఏప్రిల్ 5న విడుదలైంది. నిర్మాత డేవిడ్ కెర్షన్‌బామ్. నిడివి సుమారు ముప్పై ఆరు నిమిషాలు. పదకొండు పాటలకూ రచన, స్వరకల్పన చాప్‌మన్ ఒక్కరివే. ముఖచిత్రంగా మ్యాట్ మహూరిన్ తీసిన, తల వంచుకుని ఉన్న ఆమె ఛాయాచిత్రాన్ని వాడారు. దానిలో అలంకారం లేదు, శ్రోతను ఆకర్షించాలన్న ప్రయత్నమూ కనిపించదు.

అప్పటి జనప్రియ సంగీతం సింథసైజర్లు, యంత్రసహాయంతో మోగే తాళవాద్యాలు, ప్రతిధ్వనితో నింపిన ధ్వనిముద్రణలపై నడుస్తున్నది. కెర్షన్‌బామ్ గొంతును, గిటారును ముందు నిలిపి, బేస్ గిటారు, డ్రమ్ములు మొదలైనవాటిని వెనుక ఉంచాడు. వాద్యాలు కథకు అడ్డురావు. ఈ పొదుపుకు పరాకాష్ఠ నాలుగవ పాట ‘బిహైండ్ ద వాల్’ (గోడ వెనుక). ఇందులో వాద్యమే లేదు. పక్కింటి గోడ వెనుక నుంచి ఆడమనిషి అరుపులు వింటున్న పొరుగుమనిషి ఈ పాటలోని కథకురాలు. పోలీసులు ఆలస్యంగా వస్తారు, వచ్చినా కుటుంబ వ్యవహారమని తప్పుకుంటారు. నిశ్శబ్దం మధ్య ఒంటరిగా వినిపించే గొంతు ఆ పొరుగుమనిషి నిస్సహాయతను అనుభవంలోకి తెస్తుంది. ఇక్కడ ధాతువు మాతువుకు అలంకారంగా రాలేదు, అర్థంగా మారింది.

పాటల వరుసలోనూ ఒక ఆలోచన కనిపిస్తుంది. మొదటి పాట ‘టాకిన్ బౌట్ ఎ రెవల్యూషన్’ పేదల సామూహిక స్వరం. రెండవది ‘ఫాస్ట్ కార్’ ఒక స్త్రీ సొంతకథ. మూడవది ‘అక్రాస్ ద లైన్స్’ జాతిపరంగా చీలిన పట్టణం కథ. నాలుగవది గోడ వెనుక హింస. అయిదవది ‘బేబీ కెన్ ఐ హోల్డ్ యూ’ చెప్పలేకపోయిన మాటల గురించిన ప్రేమగీతం. సమాజం, వ్యక్తి, పట్టణం, ఇల్లు, మనసు అనే వరుసలో దృష్టి క్రమంగా లోపలికి సాగుతుంది. ఆరవ పాట ‘మౌంటెన్స్ ఓ థింగ్స్’ వస్తువుల కొండలు పోగేసుకోవాలన్న కలను పేదరికం వైపు నుంచి చూస్తూ వ్యంగ్యాన్ని, జాలిని కలుపుతుంది. ‘వై?’ (ఎందుకు?) వరుస ప్రశ్నలతో నడుస్తుంది. ‘ఫర్ యూ’ అనే చివరి పాట ఒక మనిషి మరొక మనిషికి మెల్లగా చెప్పుకునే మాటగా ముగుస్తుంది. నినాదంతో మొదలై ఆత్మీయ సంభాషణతో ముగిసే ఈ సంపుటిని రాజకీయ గీతాల సంపుటి అనో, ప్రేమగీతాల సంపుటి అనో ఒక్క మాటలో వర్గీకరించడం సాధ్యం కాదు.

5. ‘ఫాస్ట్ కార్’: కథాగేయ శిల్పం

ఆల్బమ్ ప్రజాదరణకు మూలమైన పాట ‘ఫాస్ట్ కార్’ (వేగంగా వెళ్లే కారు). దాదాపు అయిదు నిమిషాల నిడివి గల కథాగేయమిది. తండ్రి తాగుబోతు. తల్లి అతణ్ని విడిచి వెళ్లింది. కూతురు చదువు మానుకుని తండ్రిని చూసుకుంటూ, దుకాణంలో పనిచేసి కొద్దిగా డబ్బు కూడబెట్టుకుంటుంది. కారు ఉన్న యువకుడితో నగరానికి బయలుదేరుతుంది. అక్కడ ఆమెకు పని దొరుకుతుంది, అతనికి దొరకదు. పిల్లలు పుడతారు. అతను ఎక్కువ కాలం తాగుడులోను, స్నేహితులతోను గడుపుతాడు. తండ్రి ఇంట్లో వదిలివచ్చిన జీవితమే మరో రూపంలో ఎదురవుతుంది. చివరికి ఆమె ఒక నిర్ణయం తీసుకుంటుంది.

ఈ కథలో అసాధారణ సంఘటన ఒక్కటీ లేదు. పాట బలం చెప్పే తీరులో ఉంది. మొదటిది, గిటారుపై మోగే చిన్న స్వరసముదాయం పాటంతా ఆవృత్తమవుతూ ఉంటుంది. కారు కదులుతున్న భావననూ, ఎంత కదిలినా అదే చోటుకు చేరుతున్న భావననూ ఆ ఆవృత్తి ఏకకాలంలో కలిగిస్తుంది. రెండవది, జనప్రియ గీతాలలో పల్లవి సాధారణంగా తొందరగా వస్తుంది. ఇక్కడ అనేక చరణాలు గడిచాక గానీ రాదు. అప్పటిదాకా అణిగి ఉన్న డ్రమ్ములు అక్కడ ఒక్కసారిగా లేస్తాయి. ఆ భాగంలో కథ ముందుకు సాగదు. కారులో వేగంగా వెళ్లిన ఒక రాత్రి జ్ఞాపకం మాత్రమే ఉంటుంది. కథకురాలికి జీవితంలో దొరికిన ఒకేఒక్క స్వేచ్ఛాక్షణం అదేనని సంగీతమే చెబుతుంది.

మూడవది, కారును గురించిన మాట చాలా చరణాల ఆరంభంలో మకుటంలా తిరిగివస్తూ, వచ్చిన ప్రతిసారీ అర్థం మార్చుకుంటుంది. మొదట అది ఆశ, తరువాత ప్రశ్న, చివరికి సహచరుడిని వెళ్లిపొమ్మని చెప్పే తీర్పు. మకుటం మారకుండా అర్థం మారడమన్న ఈ లక్షణం శతకపద్యం మొదలు జానపద కథాగేయం వరకు తెలుగు పాఠకులకు పరిచితమే. శ్రోత పాటను తేలికగా గుర్తుపెట్టుకోవడానికీ, మళ్లీ విన్నప్పుడు కొత్తగా అనిపించడానికీ ఈ నిర్మాణమే కారణం.

కథకురాలి జాతిని పాటలో ఎక్కడా చెప్పరు. నగరానికి పేరు లేదు. పేదరికం వివరాలు మాత్రం చాలా నిర్దిష్టంగా ఉంటాయి. వర్గానుభవం నిర్దిష్టం, స్థలం అనిర్దిష్టం కావడం వల్ల ఈ పాటను వేర్వేరు ప్రాంతాల శ్రోతలు తమ ఊరి కథగా వినగలిగారు.

6. వెంబ్లీ వేదిక: యాదృచ్ఛికత, సంసిద్ధత

1988 జూన్ 11న లండన్‌లోని వెంబ్లీ స్టేడియంలో నెల్సన్ మండేలా డెబ్బయ్యవ జన్మదిన సందర్భంగా భారీ సంగీతసభ జరిగింది. మండేలా అప్పటికి దక్షిణాఫ్రికా చెరలోనే ఉన్నాడు. ఈ కార్యక్రమం అరవైకి పైగా దేశాలకు ప్రసారమైంది. అరవై కోట్ల మంది చూసి ఉంటారని అంచనా.

చాప్‌మన్ మధ్యాహ్నం వేళ తన పాటలు పాడి వేదిక దిగింది. సాయంత్రం స్టీవీ వండర్ పాడవలసి ఉంది. ఆయన సంగీతానికి ఆధారమైన సింక్లావియర్ అనే డిజిటల్ వాద్యానికి చెందిన హార్డ్‌డిస్క్ కనిపించలేదని వేదిక ఎక్కబోయే సమయంలో తెలిసింది. అది లేనిదే పాడలేనని ఆయన వెనుదిరిగాడు. ప్రసారం నడుస్తున్నది. ఖాళీని నింపాలి. ఏ ఏర్పాటూ అవసరం లేకుండా తక్షణం పాడగలిగినది చాప్‌మన్. ఆమె గిటారుతో మళ్లీ వేదికపైకి వచ్చి ‘ఫాస్ట్ కార్’, ‘అక్రాస్ ద లైన్స్’ పాడింది.

ఈ సంఘటనను అదృష్టంగా చెప్పుకోవడం పరిపాటి. అది నిజమే గానీ అక్కడితో ఆగితే విశ్లేషణ పూర్తికాదు. స్టీవీ వండర్ సామాన్యుడు కాడు. 1985లో తనకు వచ్చిన ఆస్కార్ పురస్కారాన్ని మండేలా పేరిట స్వీకరించి, దక్షిణాఫ్రికా ప్రసారసంస్థ నిషేధానికి గురైన గొప్ప వాగ్గేయకారుడు. ఆ సాయంత్రం ఆయనను నిలువరించినది ప్రతిభాలోపం కాదు, యంత్రంపై ఆధారపడిన ప్రదర్శనరీతి. ఆయన ఆ తరువాత ఇతర ఏర్పాట్లతో అదే రాత్రి పాడాడు. చాప్‌మన్ పాట మాత్రం గాయని ఎక్కడ నిలబడితే అక్కడ సంపూర్ణంగా ఉండగలిగినది. రైలుస్టేషన్‌లో ఎలా ఉన్నదో స్టేడియంలోనూ అలాగే ఉంది. మౌఖిక సంప్రదాయ గాయకులకు తరతరాలుగా ఉన్న ఈ స్వయంసమృద్ధి, ఉపగ్రహ ప్రసారాల యుగంలోనూ నిర్ణాయకశక్తి కాగలదని వెంబ్లీ నిరూపించింది.

సందర్భం కూడా పాటకు అర్థాన్ని చేర్చింది. వర్ణవివక్షకు వ్యతిరేకంగా జరుగుతున్న సభలో జాతిరేఖలతో చీలిన అమెరికన్ పట్టణం గురించిన పాట వినిపించడం వల్ల, వివక్ష దక్షిణాఫ్రికాకే పరిమితం కాదన్న సూచన నినాదం లేకుండానే శ్రోతలకు అందింది. విశ్వవిద్యాలయంలో వర్ణవివక్ష వ్యతిరేక సభల నేపథ్యంలో వెలుగులోకి వచ్చిన గాయని, అదే ఉద్యమం నిర్వహించిన అతిపెద్ద సభతో ప్రపంచానికి పరిచయం కావడాన్ని కేవలం యాదృచ్ఛికమనలేం.

7. ప్రజాదరణ క్రమం, శ్రోతలెవరన్న ప్రశ్న

వెంబ్లీకి ముందే ఆల్బమ్‌కు విమర్శకుల ప్రశంసలు లభించాయి. ‘టెన్ థౌజండ్ మేనియాక్స్’ అనే బృందం ప్రదర్శనలకు ముందు పాడుతూ ఆమె అమెరికాలో పర్యటించింది. అంతకుముందు ఏడాది సుజాన్ వేగా పాట ‘లూకా’ బాలలపై హింసను వస్తువుగా తీసుకుని అమెరికా చార్టులో మూడవ స్థానం పొందింది. గిటారుతో చెప్పే గంభీర కథలకు శ్రోతలు ఉన్నారని వ్యాపారసంస్థలకు అప్పటికే తెలిసివచ్చింది. అంటే నేల కొంత తడిసి ఉంది.

వెంబ్లీ తరువాత బ్రిటన్‌లో ఆల్బమ్ ప్రథమస్థానానికి, ‘ఫాస్ట్ కార్’ అయిదవ స్థానానికి చేరాయి. అమెరికాలో ఆల్బమ్ ఆగస్టు చివరిలో బిల్‌బోర్డ్ పట్టికలో అగ్రస్థానం పొందింది. పాట ఆరవ స్థానం దాకా వెళ్లింది. సభకూ ఈ శిఖరానికీ మధ్య పది వారాలకు పైగా వ్యవధి ఉంది. ఒక్కరాత్రిలో వచ్చిన కీర్తిగా దీన్ని చెప్పడం సరికాదని ఈ వ్యవధే తెలుపుతుంది. వేదిక పాటను పరిచయం చేసింది, రేడియో, టెలివిజన్ దాన్ని పదేపదే వినిపించాయి, పదేపదే విన్నా పలచబడని నిర్మాణం పాటకు ఉంది. ఈ మూడూ కలిస్తేనే ఫలితం వచ్చింది.

అదే శరదృతువులో అంతర్జాతీయ మానవహక్కుల ప్రకటన నలభయ్యవ వార్షికోత్సవం సందర్భంగా ఆమ్నెస్టీ ఇంటర్నేషనల్ ‘హ్యూమన్ రైట్స్ నౌ’ పేరిట ఇరవై సభల ప్రపంచయాత్ర నిర్వహించింది. బ్రూస్ స్ప్రింగ్‌స్టీన్, స్టింగ్, పీటర్ గాబ్రియల్, యూసూ ఎన్‌దూర్‌లతో పాటు చాప్‌మన్ కూడా పాల్గొన్నది. ఆ యాత్ర 1988 సెప్టెంబరు 30న న్యూఢిల్లీలోని జవహర్‌లాల్ నెహ్రూ స్టేడియానికి వచ్చింది. తొలి ఆల్బమ్ వెలువడిన ఆరు నెలలలోపే ఆమె గొంతు భారతదేశ వేదికపై ప్రత్యక్షంగా వినిపించింది.

1989 గ్రామీ పురస్కారాలలో ఉత్తమ నూతన కళాకారిణి, ఉత్తమ పాప్ గాయని, ఉత్తమ సమకాలీన జానపద ఆల్బమ్ విభాగాలలో ఆమె మూడు బహుమతులు అందుకున్నది. ఆల్బమ్ ప్రపంచవ్యాప్తంగా రెండు కోట్లకు పైగా ప్రతులు అమ్ముడైనట్టు లెక్క.

అయితే ఈ విజయం ఒక ప్రశ్నను కూడా లేవనెత్తింది. ఆమె శ్రోతలలో తెల్లజాతివారే అధికులన్న వ్యాఖ్యలు అప్పట్లో వినిపించాయి. దీనికి ఆమెను బాధ్యురాలిని చేయడం సమంజసం కాదు. అమెరికా సంగీత వ్యాపారం శ్రోతలను జాతుల వారీగా విభజించింది. బిల్‌బోర్డ్ పత్రిక 1982 నుంచి 1990 వరకు నల్లజాతి సంగీతానికి ఆ పేరుతోనే ప్రత్యేక పట్టిక నడిపింది. నల్లజాతి శ్రోతల కోసం నడిచే రేడియోకేంద్రాలు నృత్యలయల పాటలకు ప్రాధాన్యమిచ్చేవి. గిటారుతో పాడే జానపదరీతి బాబ్ డిలన్, జోన్ బయెజ్‌ల తరువాత తెల్లజాతి మధ్యతరగతి సంగీతంగా స్థిరపడింది. నిజానికి లెడ్ బెల్లీ, ఎలిజబెత్ కాటన్, ఒడెట్టా వంటి నల్లజాతి కళాకారులు లేకుండా ఆ రీతి చరిత్రే లేదు. చాప్‌మన్ కొత్త ఇంట్లోకి ప్రవేశించలేదు, తన పూర్వులు కట్టిన ఇంటికే తిరిగివచ్చింది. ఆ ఇంటి తలుపుపై అప్పటికి వేరేవారి పేరు ఉంది.

8. తదనంతర జీవితం: పునర్గానం, హక్కు

ప్రజాదరణకు నిజమైన కొలత కాలం. 1997లో ‘బాయ్‌జోన్’ బృందం పాడిన ‘బేబీ కెన్ ఐ హోల్డ్ యూ’ బ్రిటన్‌లో రెండవ స్థానానికి చేరింది. 2011లో ఒక టెలివిజన్ పోటీలో ‘ఫాస్ట్ కార్’ వినిపించిన తరువాత చాప్‌మన్ పాడిన మూలగీతమే బ్రిటన్‌లో నాలుగవ స్థానం పొందింది. అది 1988 నాటి స్థానం కంటే మెరుగైనది. జోనస్ బ్లూ దానిని నృత్యగీతంగా మలిస్తే అదీ 2016లో అక్కడ రెండవ స్థానానికి వెళ్లింది.

పాటలు అందరివీ అవుతున్న కొద్దీ కర్త హక్కు ప్రశ్న ముందుకొస్తుంది. ‘బేబీ కెన్ ఐ హోల్డ్ యూ’ను తన పాటలో వాడుకోవడానికి ర్యాప్ కళాకారిణి నికీ మినాజ్ అనుమతి కోరింది. చాప్‌మన్ నిరాకరించింది. అయినా ఆ పాట రేడియోలో ప్రసారం కావడంతో 2018లో దావా వేసింది. అనుమతి కోరే ముందు ప్రయోగంగా పాటను తయారుచేసుకోవడం చట్టసమ్మతమేనని 2020లో న్యాయస్థానం చెప్పింది. బయటికి విడుదల చేసిన విషయం విచారణకు మిగిలింది. 2021 జనవరిలో 4,50,000 డాలర్ల చెల్లింపుతో వ్యాజ్యం ముగిసింది. ఇతరుల ధాతువును ఆధారం చేసుకునేవారికీ మూలకర్తకూ మధ్య శార్ఙ్గదేవుడు గీసిన రేఖ, ఆధునిక కాలంలో న్యాయస్థానపు గీతగా కనిపించడం ఆసక్తికరం.

దీనికి భిన్నమైన అధ్యాయం 2023లో మొదలైంది. 1990లో జన్మించిన కంట్రీ గాయకుడు ల్యూక్ కూంబ్స్ చిన్ననాట తండ్రితో కలిసి విన్న ‘ఫాస్ట్ కార్’ను తన ఆల్బమ్‌లో చేర్చాడు. పదాలు మార్చలేదు. కథకురాలిని పురుషుడిగా కూడా మార్చలేదు. ఆ గీతం బిల్‌బోర్డ్ ప్రధాన పట్టికలో రెండవ స్థానానికి, కంట్రీ రేడియో పట్టికలో మొదటి స్థానానికి చేరింది. ఒంటరిగా రాసిన పాటతో ఆ పట్టికలో అగ్రస్థానం పొందిన తొలి నల్లజాతి మహిళ చాప్‌మన్. అదే ఏడాది నవంబరులో కంట్రీ మ్యూజిక్ అసోసియేషన్ ఉత్తమ గీత పురస్కారం ఆమెను వరించింది. ఆ పురస్కారం పొందిన తొలి నల్లజాతి గీతకర్త ఆమే. 2024 ఫిబ్రవరి 4న గ్రామీ వేదికపై ఇద్దరూ కలిసి ఆ పాట పాడారు. ఆ వెంటనే 1988 నాటి మూలగీతం మళ్లీ బిల్‌బోర్డ్ పట్టికలోకి వచ్చింది.

ఈ గౌరవంలో ఆనందమూ, వేదనా రెండూ ఉన్నాయి. బాల్యంలో కంట్రీ సంగీత కార్యక్రమం చూసి గిటారు కోరుకున్న బాలిక పాటను ఆ శాఖ స్వీకరించడానికి మూడున్నర దశాబ్దాలు పట్టింది. అదీ తెల్లజాతి పురుషుడి గొంతు ద్వారా జరిగింది. మాతువు, ధాతువు మారలేదు. మారినది గొంతు ఒక్కటే. తలుపు ఎవరికి తెరుచుకుంటుందన్నది పాట గుణంపైనే ఆధారపడదని ఇంతకంటే స్పష్టమైన నిదర్శనం అరుదు. అయితే కర్తృత్వం ఆమె పేరిట భద్రంగా ఉన్నందువల్ల, గొంతు మారినా గుర్తింపు మూలకర్తను చేరింది. విద్యార్థి దశలో హక్కు నమోదు కోసం రికార్డింగు చేసుకున్న జాగ్రత్త విలువ ఇక్కడ తెలుస్తుంది.

9. ముగింపు

ఈ పరిశీలన వల్ల తేలిన అంశాలు ఇవి:

1. చాప్‌మన్ తొలి ఆల్బమ్ ప్రజాదరణకు వెంబ్లీ సంఘటన వేగాన్నిచ్చింది. దాన్ని వినియోగించుకోగల శక్తి, గొంతు, గిటారు, కథ అనే మూడింటితోనే సంపూర్ణమయ్యే పాటల నిర్మాణం నుంచి వచ్చింది.

2. ‘ఫాస్ట్ కార్’ దీర్ఘకాలం నిలవడానికి ఆలస్యంగా వచ్చే పల్లవి, అర్థం మార్చుకునే మకుటం, ఆవృత్తమయ్యే గిటారు స్వరాలు, వివరాలలో నిర్దిష్టత, స్థలంలో అనిర్దిష్టత తోడ్పడ్డాయి.

3. ప్రజాదరణ అందరికీ సమానంగా తెరిచిన తలుపు కాదు. జాతి, సంగీత శాఖల వర్గీకరణ పాట ఎవరిని చేరాలో కొంతవరకు నిర్ణయిస్తుంది. కర్తృత్వ హక్కు పదిలంగా ఉన్నప్పుడు మాత్రమే ఆ అసమానత కొంతైనా సరిదిద్దబడుతుంది.

ఈ మూడవ అంశం తెలుగు పాటల పరిశోధనకు కూడా వర్తిస్తుంది. 2016లో బాబ్ డిలన్‌కు నోబెల్, 2021లో గోరటి వెంకన్న ‘వల్లంకి తాళం’కు కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం లభించిన తరువాత, పాటలల్లి పాడేవారి రచన సాహిత్యమా అన్న చర్చకు పెద్దగా తావు లేదు. కానీ మన సిద్ధాంతగ్రంథాలలో పాట నేటికీ ఎక్కువగా అచ్చులోని పాఠంగానే కనిపిస్తుంది. వస్తువు, భాష, అలంకారాల అధ్యయనం జరుగుతున్నది. వరుస ఎవరిది, గొంతు ఎవరిది, తొలిసారి ఎక్కడ పాడారు, తరువాత ఎవరు పాడారు, హక్కు ఎవరి పేరిట ఉంది అన్న ప్రశ్నలు అనుబంధంలో కూడా చోటు చేసుకోవడం లేదు. గ్రామాలలో, ఉద్యమాలలో పాటలు కట్టినవారి గొంతులు ఇంకా వినగలిగిన కాలమిది. రాగిరేకుల విషయంలో ధాతువును కోల్పోవడానికి కాలం కారణమైంది. ధ్వనిముద్రణ సాధనం ప్రతి పరిశోధకుడి చేతిలో ఉన్న ఈనాడు దాన్ని కోల్పోతే కారణం కాలం కాదు. క్షేత్రపర్యటనకు వెళ్లే పరిశోధక విద్యార్థి పాటపాఠంతో పాటు గొంతును, వరుసను, కర్త పేరును, పాడిన సందర్భాన్ని నమోదు చేయడం నియమంగా మారాలి.